చేతులకి తలంటు

నాకు కోపం ఎక్కువ. నాకు తెలిసిన విషయాన్ని, అది చదవనివాళ్ళు నాకంటే ముందు సరిగ్గా చెప్పేస్తే ఇంకా ఎక్కువ. డెబ్బైల మధ్యలో బెజవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరిన కొత్తలో నాకు ఆ కోపం తెప్పించింది మా అక్క. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పటమటలో ఒక పెంకుటింటి వెనక వాటాలో, నూతి చప్టా మీద కూర్చుని, నేను ఆరేళ్ళు ఫీజులు కట్టి నేర్చుకున్నదాన్ని ఐదు గుడ్డపీలికలతో తేల్చేసింది. ఆ కోపం తగ్గడానికి నాకు చాలా రోజులు పట్టింది. తగ్గాక మిగిలినదాని గురించే ఇది రాస్తున్నాను.

మా బావ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పెద్ద మెకానిక్. ఇంజన్ మొత్తం విప్పి పరిచాక, లోపల తిరిగే క్రాంకుకి వరసగా ఉండే గుండ్రటి మెడల మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా తిప్పేవాడు. అరగని చోట గుండ్రంగా ఉండాల్సింది, అరిగితే రవ్వంత కోడిగుడ్డు ఆకారం తిరుగుతుంది. ఆ రవ్వంత ఎక్కడుందో ఆయన వేలు చెప్పేది. తర్వాత షెడ్డు యజమాని కొలత పరికరం పెట్టి చూసుకునేవాడు. చూసుకోవడం యజమాని తృప్తి కోసమే గానీ, ఆయన మాట తప్పిందని నేనెప్పుడూ వినలేదు. నూజివీడు నుంచి, అవనిగడ్డ నుంచి కూడా లారీలవాళ్ళు ఆ వేలి కోసం వచ్చేవారు.

ఆ ఏడు వానాకాలం ముగిసేసరికి ఆ వేళ్ళు పాడయ్యాయి.

షెడ్డులో ఒక సగం కోసిన డ్రమ్ము ఉండేది. అందులో నీళ్ళు పోసి, కాస్టిక్ సోడా వేసి, కింద మంట పెట్టి, జిడ్డోడుతున్న ఇనప సామాన్లను అందులో ఉడకబెట్టేవారు. పక్కన ఒక రేకు ట్రేలో కిరసనాయిలు. ఉడకబెట్టకూడనివి ఆ ట్రేలో కడిగేవారు. ఇక పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి వేరే ఏర్పాటేమీ లేదు. చల్లారిన డ్రమ్ములో ఓసారి ముంచి, రంపంపొట్టుతో రుద్దుకుంటే రెండు నిమిషాల్లో చేతులు తెల్లగా అయ్యేవి. అదో మగతనం అక్కడ. సబ్బు అడిగినవాణ్ణి పెళ్ళికొడుకని పిలిచేవారు.

విచిత్రం ఏమిటంటే, పిస్టన్లను ఆ డ్రమ్ములో వెయ్యనిచ్చేవాడు కాదు మా బావ. పిస్టన్లు సత్తువి, అంటే అల్యూమినియంవి. కాస్టిక్ నీళ్ళలో పడితే బుసబుసా పొంగి, కరిగి, గుంటలు పడిపోతాయి. ఎవరైనా పొరపాటున వేయబోతే కేకలేసి తిట్టేవాడు. సత్తు ముక్క మీద ఉన్న జాలి తన చేతుల మీద లేకపోయింది. చేతులు సత్తువి కావు కదా అనుకున్నాడేమో.

అరచేతులు బీటలు వారిన పొలంలా తయారయ్యాయి. వేళ్ళ చివర చర్మం మందంగా, గాజుపెంకులా గట్టిపడి, అడ్డంగా చీలి, చీలికల్లోంచి నెత్తురు కారేది. అన్నం కలుపుకోలేక స్పూనుతో తినేవాడు. అన్నిటికన్నా ఘోరం, వేలు ఆనిస్తే ఏమీ తెలియడం లేదు. రెండు ఇంజన్లలో అరుగుదల పట్టలేకపోయాడు. డాక్టరు గారు చూసి, లేపనం రాసిచ్చి, "ఈ పని మానెయ్యండి, లేకపోతే ఈ చేతులు ఇంతే" అన్నారు. షెడ్డు యజమాని మంచివాడే. "పోనీ గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను, వచ్చే బళ్ళ నంబర్లు రాసుకో. సంక్రాంతి దాకా చూద్దాం, అప్పటికీ వేళ్ళు బాగుపడకపోతేనే" అన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పినప్పుడు మా బావ నవ్వుతూనే చెప్పాడు. ఆ రాత్రి అన్నం మాత్రం సగంలో వదిలేశాడు. మా అక్క నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపుతూ, "ఒరేయ్, నువ్వు చదివింది ఇదే కదరా. జిడ్డు పోవాలి, చెయ్యి పోకూడదు. అలాంటిది ఏదీ లేదా మీ పుస్తకాల్లో?" అని అడిగింది.

లేకేం! నాకు రెక్కలొచ్చాయి. గవర్నర్‌పేటలో నా గదికి వెళ్ళి పుస్తకాలు తీశాను. నూనెని కాస్టిక్‌తో కాస్తే సబ్బు అవుతుంది. సబ్బు అణువుకి ఒక కొస జిడ్డుకి చుట్టం, ఇంకో కొస నీళ్ళకి చుట్టం. జిడ్డుని ఒక చేత్తో, నీళ్ళని ఒక చేత్తో పట్టుకుని రెండింటికీ పొత్తు కుదురుస్తుంది. కాస్టిక్ మొత్తం సబ్బుగా మారిపోతే ఇక మంట ఎక్కడిది? బజారు సబ్బుకి గ్రీజు లొంగదు కాబట్టి, మెత్తటి రంపంపొట్టు కలిపి ముద్దలా చేస్తే సరి. మా అక్కకి ఇదంతా నూతి దగ్గర నిలబడి పాఠంలా చెప్పాను. ఆవిడ పెరటి పొయ్యి మీద చారు పెట్టుకుంటూ వింది.

కొబ్బరినూనె ప్రియం. కంకిపాడు వైపు మిల్లులో తవుడు నూనె చవగ్గా దొరుకుతుందంటే డబ్బాతో తెచ్చాను. పుస్తకంలో కొబ్బరినూనెకి ఎంత కాస్టిక్ వెయ్యాలో ఉంది. తవుడు నూనె సంగతి లేదు. నూనె నూనేగా అనుకున్నాను. అక్క పెరట్లో పొయ్యి మీద కాచి, తిప్పి, పొట్టు కలిపి, ఊరగాయ జాడీ నిండా గోధుమరంగు ముద్ద తయారుచేశాను. కాస్టిక్ మిగిలిందో లేదో చెప్పే చుక్కల మందు కాలేజీలో ఉంది. ఒక్క చుక్క వేస్తే తెలిసిపోయేది. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

మా బావ వారం రోజులు శ్రద్ధగా వాడాడు. జిడ్డు వదిలింది. చేతులు మాత్రం మరీ పుండ్లయ్యాయి. మంట పుడుతున్నా నాతో చెప్పలేదు. "మందన్నాక మండదా ఏంటి? మండితేనే కదా పనిచేస్తున్నట్టు!" అని అక్కతో అన్నాడట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఆ సామెతలో వైద్యుణ్ణి నేనని నాకింకా తెలియదు.

తెలియజేసింది ఆ పెంకుటిల్లు గల ఇంటావిడ.

ఆవేళ శనివారం. మా అక్క ఏడాదికి సరిపడా పసుపు కొమ్ములు రోట్లో దంచుతోంది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. కడుక్కోవడానికి దగ్గర్లో ఉన్నది నా ముద్దే. కాస్త తీసుకుని బేసిన్‌లో చేతులు రుద్దుకుంది. నీళ్ళు ఒక్కసారిగా నెత్తుటి రంగు తిరిగాయి. బేసిన్ ఎత్తి తూములో పోస్తుంటే ముందు వాటా ఇంటావిడ చూసింది.

"పోన్లే అమ్మా, ఇన్నాళ్ళకి మీ ఆయనకి దిష్టి తీశావు! చర్చికెళ్ళేవాళ్ళకి మాత్రం దిష్టి తగలదేంటి? ఎవరి కళ్ళు పడ్డాయో ఆ చేతుల మీద. కాకపోతే ఎర్రనీళ్ళు నూతి దగ్గర పొయ్యకూడదమ్మా, నాలుగు దారుల దగ్గర పొయ్యాలి."

దిష్టి నీళ్ళంటే పసుపు నీళ్ళలో సున్నం కలిపినవే. కలపగానే ఎర్రబడతాయి. "దిష్టి కాదండీ, మా తమ్ముడు చేసిన సబ్బండీ" అంది మా అక్క. ఆవిడ నమ్మలేదు. సిగ్గుపడి దాస్తోందనుకుని, మెచ్చుకోలుగా నవ్వి లోపలికెళ్ళిపోయింది. మా అక్క అక్కడే నిలబడిపోయిందట.

మర్నాడు ఆదివారం, చర్చి అయ్యాక నేను భోజనానికి వెళ్ళాను. నేను కంచం ముందు కూర్చోకముందే అక్క అడిగింది.

"ఒరేయ్, ఆ ముద్దలో సున్నం కలిపావా?"

"సున్నమా? సున్నం ఎందుకు కలుపుతానే? అసలు నీకేం తెలుసని అడుగుతున్నావు?"

"కూర మరక మీద బట్టల సబ్బు రుద్దినా కాస్త ఎర్రబడుతుందిరా, అది నాకు తెలుసు. జాడిస్తే పోతుంది. ఇది అలా కాదు. సున్నం పోసినట్టు నెత్తురు రంగు తిరిగింది. సున్నం లేకపోతే సున్నంలాంటిదేదో మిగిలుంది అందులో."

నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టిగా అరిచాను కూడా. అరుస్తూ ఉండగానే నా నోరు నెమ్మదించింది. పసుపు క్షారానికి ఎర్రబడుతుంది. నేను పిల్లలకి లాబ్‌లో మొదటి నెలలో చెప్పే పాఠం. కొబ్బరినూనె పట్టినంత కాస్టిక్ తవుడు నూనె పట్టదు. లెక్క వేసి చూస్తే మూడో వంతో నాలుగో వంతో కాస్టిక్ సబ్బుగా మారకుండా అలాగే మిగిలిపోయి ఉంటుంది. దాన్ని నేను చీలిన చేతుల మీద వారం రోజులు రుద్దించాను. నాకు ఏడుపొచ్చింది. మా బావ గోడకి చేరబడి కూర్చుని, "పోన్లేవోయ్ బామ్మర్దీ, ఇంజన్ మొదటిసారి విప్పినప్పుడు నేను రెండు నట్లు మిగిల్చాను" అన్నాడు.

మా అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఒక పాత తెల్ల గుడ్డని పీలికలుగా చింపి, పసుపు నీళ్ళలో ముంచి, దండెం మీద ఆరేసింది. సాయంత్రానికి వాటి మీద ఒక్కొక్కటీ రుద్దుతూ వచ్చింది. నా ముద్ద రుద్దిన పీలిక నెత్తురులా ఉంది. బట్టల సోడా రుద్దిన పీలిక దానికి చెల్లెలు. బట్టల సబ్బుది ఇటుక రంగు. ఒంటి సబ్బుది కాస్త ఎరుపు. చివరి పీలిక మీద కుంకుడుకాయ రసం పోసి రుద్దింది. నురగ బుస్సుమని వచ్చింది. పీలిక పచ్చగానే ఉంది.

"ఇది చూడరా. నురగుంది, సున్నం లేదు" అంది.

అంతకంటే శుభ్రంగా ఆ మాటని ఏ పుస్తకమూ చెప్పలేదు. కుంకుడులో నురగనిచ్చే పదార్థానికి కూడా సబ్బులాగే రెండు కొసలుంటాయి. కానీ అది కాస్టిక్‌తో పుట్టింది కాదు, క్షారం గుణం దానికి లేదు. నాకు ఇవన్నీ తెలుసు. విడివిడిగా తెలుసు. వాటిని ఒక దండెం మీద ఆరేయాలని తోచలేదు.

అయినా పట్టు వదల్లేదు నేను. "కుంకుడుకి ఇంజన్ గ్రీజు లొంగుతుందా? తలనూనె అనుకున్నావా?" అన్నాను.

"తలకి నూనె పెట్టకుండా కుంకుడు పోస్తాడేంట్రా ఎవడైనా? ముందు నూనె పెట్టి మర్దన చెయ్యాలి. తర్వాత పిండి రాసి నలవాలి. ఆ తర్వాత కుంకుడు. తలంటు అంటే అదే కదా. చేతులకి మాత్రం ఎందుకు చెయ్యకూడదు?"

"జిడ్డు చేతులకి మళ్ళీ నూనేనా?"

"పనసకాయ కోసినప్పుడు బంక దేంతో పోతుంది? నీళ్ళతోనా, నూనెతోనా?"

ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. ఇంజన్ ఆయిలు మన వంటనూనెలాంటిది కాదు, భూమిలోంచి తీసిన ఖనిజ నూనె. దాన్ని కాస్టిక్ ఎంత ఉడికించినా సబ్బుగా మార్చలేదు. మార్చగలిగేది మన చర్మంలోని కొవ్వునే. అంటే ఆ డ్రమ్ములో చెయ్యి ముంచిన ప్రతిసారీ మా బావ తన చేతినే కొంచెం కొంచెం సబ్బుగా మార్చి కడిగేసుకుంటున్నాడన్నమాట. ఆ సబ్బే గ్రీజుని తీసుకుపోయేది. కిరసనాయిలు మరో దారి. అది జిడ్డుని కరిగిస్తుంది నిజమే, ఇది గ్రీజు, ఇది మనిషి అని తేడా చూడదు. వేరుశనగ నూనె కూడా గ్రీజుని కరిగిస్తుంది. కానీ పోతూ పోతూ చేతిలో ఉన్నది పట్టుకుపోదు, తనది కొంత ఇచ్చిపోతుంది. మా అక్కకి ఈ మాటలు రావు. వరస మాత్రం ఆవిడదే: మొదట నూనె, మీద జల్లెడ పట్టిన తవుడు, తర్వాత కుంకుడు రసం. నూనె గ్రీజుని వదులు చేస్తే, తవుడు దాన్ని పీల్చుకుంటుంది, కుంకుడు ఆ మిగిలినదాన్ని నీళ్ళతో పంపేస్తుంది. ఇంట్లో ప్రయత్నిస్తే నా కళ్ళ ముందే పనిచేసింది. ఆ రోజు మొదటిసారి మా అక్కని చూసి గర్వపడ్డాను. కోపం కూడా ఉందనుకోండి.

ఇక షెడ్డు మిగిలింది. నూనె సీసా, తవుడు డబ్బా, కుంకుడు రసం ఉన్న గిన్నె సంచిలో పెట్టి పంపితే, మా బావ సాయంత్రం అలాగే వెనక్కి తెచ్చాడు. "అందరి ముందూ కుంకుళ్ళు తియ్యడం నావల్ల కాదే. డ్రమ్ము దగ్గరే ఒక్కసారి ముంచేశాను" అన్నాడు తల దించుకుని. రెండోరోజూ అంతే. సంక్రాంతికి ఇక నెలన్నరే ఉంది.

మూడోరోజు మధ్యాహ్నం మా అక్క క్యారియర్ తీసుకుని తనే షెడ్డుకి వెళ్ళింది. ఆవేళ నాకు సెలవు, సైకిల్ మీద నేను కూడా వెళ్ళాను. ఆటోనగర్ షెడ్లలోకి ఆడవాళ్ళు వచ్చే రోజులు కావు అవి. సమ్మెటల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ తిన్నగా వెళ్ళి, బోర్లించిన ఒక టైరు మీద కూర్చుని, గిన్నెలు వరసగా పెట్టుకుంది.

"చేతులు ఇవ్వండి" అంది.

మా బావ అటూ ఇటూ చూశాడు. ఎవరో అన్నారు: "ఏం అన్నా, దీపావళి మళ్ళీ వచ్చిందా? తలంటా?"

"తలంటే అన్నయ్యా. తలకి కాదు, చేతులకి" అంది మా అక్క, తలెత్తకుండా. "మీ చేతులు బాగుంటే మీరు నవ్వుకోండి. బాగాలేనివాళ్ళు ఎవరైనా ఉంటే వరసలో కూర్చోండి. తవుడు చాలానే తెచ్చాను."

మా బావ నెమ్మదిగా ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులు చాపాడు. ఆవిడ నూనె పోసి ఒక్కో వేలూ విడదీసి రుద్దింది. నల్లటి జిడ్డు కరిగి మణికట్ల మీదుగా కారింది. తవుడు చల్లి నలిచింది, నల్ల ఉండలు రాలాయి. కుంకుడు రసం పోసింది. నురగ మొదట బొగ్గు రంగు, తర్వాత బూడిద, చివరికి తెలుపు. చివర్లో వెల్డింగ్ పనిచేసే పెద్దాయన ఒకడు చేతులు వెనక్కి దాచుకుని వచ్చి, "అమ్మా, కాస్త నూనె మిగిలిందా?" అని అడిగాడు. ఆయన చేతులు మా బావవాటికంటే అన్యాయంగా ఉన్నాయి. మర్నాటి నుంచి షెడ్డులో డ్రమ్ము సామాన్లకే పరిమితమైంది. వాటిని కూడా కొక్కేలతో తీయడం మొదలుపెట్టారు.

చర్మం తొందరపడలేదు. దాని పని దానిది. ముందు నెత్తురు ఆగింది. తర్వాత గట్టి పెంకు పొట్టు పొట్టుగా లేచిపోయి, కింద నుంచి పసిపిల్లల చర్మంలాంటిది బయటికొచ్చింది. మా బావ చేత్తో అన్నం కలుపుకున్న రోజు మా అక్క గోంగూర పచ్చడి వెయ్యలేదు, మండుతుందని. ఆయనే అడిగి వేయించుకున్నాడు.

పండగ ముందు వారంలో షెడ్డుకి ఒక లారీ వచ్చింది. ఇంజన్ విప్పాక యజమాని పక్కకి తప్పుకున్నాడట. మా బావ క్రాంకు మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని తిప్పి, "మూడోది, కింద వైపు" అన్నాడట. పరికరం పెట్టి చూస్తే మూడోదే, కింద వైపే. ఆ సాయంత్రం ఆయన సైకిల్ బెల్లు వీధి మొదట్నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "మూడోదిరా బామ్మర్దీ! తగిలింది! వేలికి తగిలింది!" అని రెండుసార్లు చెప్పాడు. గేటు కుర్చీ ఊసు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మా అక్క నవ్వుతూ కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకోబోతూ, సంతోషంలోనేమో, ఆయన గ్లాసుతో పాటు ఆవిడ చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. గ్లాసు తీసి అరుగు మీద పెట్టి, ఆవిడ అరచేతిని తిప్పి, దాని మీద బొటనవేలు ఆనించి మెల్లగా జరిపాడు.

"ఇదేంటే?"

"ఏం లేదు లెండి." ఆవిడ చెయ్యి లాక్కోబోయింది.

"ఇక్కడ చీలింది. ఇక్కడా చీలింది. ఇదెప్పట్నుంచి?"

"మీ ఖాకీ బట్టలు మామూలు సబ్బుకి వదలవు కదండీ. సోడా వేసి మరగబెట్టి ఉతకాలి. పెళ్ళయినప్పట్నుంచీ ఇంతే. అలవాటైపోయింది."

"ఈ చేతులతోనేనా నువ్వు ఇన్ని రోజులూ నాకు రుద్దింది? నాకు తెలియనే లేదే."

"మీకెలా తెలుస్తుంది, మీ చేతులకి ఏమీ తెలియడం లేదు కదా" అంది ఆవిడ. "కుంకుళ్ళు కూడా మీకే సరిపోతున్నాయి."

నేను ఆ ఇంటికి నెలల తరబడి వెళ్తూ వస్తూ ఉన్నాను. ఆ దండెం ముందు నిలబడ్డాను. బట్టల సోడా రుద్దిన పీలిక ఎంత ఎర్రబడిందో చూశాను. ఆ సోడాలో రోజూ ఎవరి చేతులు మునుగుతున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు. అంత సిగ్గు నాకు మళ్ళీ జీవితంలో కలగలేదు.

మా బావ ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా తను కింద కూర్చున్నాడు. "ఏవోయ్ బామ్మర్దీ, ఆ నూనె గిన్నె ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను. కాఫీ చల్లారిపోయింది. ఆ తర్వాత ఆయన ఖాకీ బట్టలు మా అక్క ఉతకగా నేను చూడలేదు.